పది నుంచి పదకొండు దాకా

మా లైనులో పద్నాలుగు ఇళ్ళు. పద్నాలుగు ఇళ్ళకీ కలిపి ఒకటే మొబైల్ ఫోను. అది నాది. నాదే అని నేను అనుకునేదాన్ని.

కోల్‌కతాలో మేముండేది కార్పొరేషన్ క్వార్టర్స్‌లో. తాతల కాలంలో శ్రీకాకుళం వైపు పల్లెల నుంచి వచ్చి వీధులు ఊడ్చే పనిలోనో మురుగు కాలవల పనిలోనో చేరినవాళ్ళ పిల్లలం, మనవలం. ఇంట్లో తెలుగు, గుమ్మం దాటితే బెంగాలీ, కుళాయి దగ్గర కొట్లాటకి హిందీ. మా ఈడువాళ్ళలో తెలుగు చదవడం వచ్చింది నాకొక్కదానికే. ఇష్టపడి నేర్చుకోలేదు. మా మామ్మకి ఊరి నుంచి ఉత్తరాలు వచ్చేవి, చదివిపెట్టేవాళ్ళు దొరికేవాళ్ళు కాదు. గోడకి తగిలించిన తెలుగు క్యాలెండరు ముందు నన్ను కూర్చోబెట్టి, తనకి సగం సగం వచ్చిన అక్షరాలు నా చేత దిద్దించింది.

తొమ్మిదేళ్ళకి లైను మొత్తానికీ ఉత్తరాలు చదివేదాన్ని. పదకొండేళ్ళకి జవాబులు రాసేదాన్ని. తర్వాత రేషన్ కార్డు ఫారాలు, స్కూలు ఫారాలు. ఆసుపత్రిలో డాక్టరు బెంగాలీలో విసుక్కున్నది వీళ్ళకి తెలుగులో చెప్పడం, వీళ్ళు తెలుగులో ఏడ్చింది ఆయనకి బెంగాలీలో చెప్పడం. తింటున్నా, జడ వేసుకుంటున్నా ఎవరో ఒకరు వచ్చి చెయ్యి పట్టుకుని లేవదీసేవాళ్ళు. ఒక్క నిమిషం రాయే గుంటా, అనేవాళ్ళు. ఆ నిమిషం మధ్యాహ్నం దాకా సాగేది.

డిగ్రీ అయ్యాక సాల్ట్ లేక్ సెక్టార్ ఫైవ్‌లో ఒక ఆఫీసులో పని దొరికింది. పాత కాగితాలు చూసి అందులో ఉన్నది కంప్యూటర్‌లోకి ఎక్కించడం. మొదటి జీతంతో ఫోను కొన్నాను. తెర మీద నీలం వెలుగు వచ్చే చిన్న ఫోను. చేతిలోంచి దించేదాన్ని కాదు. స్నానానికి వెళ్ళినా సబ్బుపెట్టెలో పెట్టుకుని తీసుకెళ్ళేదాన్ని. బైపాస్ మీద బస్సు ఎంతసేపు ఆగిపోయినా నాకు చీమ కుట్టినట్టైనా ఉండేది కాదు, పాము ఆట ఆడుకుంటూ నిలబడేదాన్ని.

నెల తిరక్కుండానే ఆ నంబరు లైను పాలైంది. అమ్మే ఇచ్చింది, ఒక్కొక్కరికీ, సంబరంగా. మా గుంటకి ఫోనుంది, రాసుకోండి అని. పిల్లల స్కూలు డైరీల్లో, గ్యాస్ పుస్తకాల్లో, ఆసుపత్రి చీటీల్లో, ఊళ్ళో చుట్టాల గోడల మీద బొగ్గుతో, అన్నిచోట్లా అదే నంబరు. పక్కన మాత్రం ఎవరి ఫారమైతే వాళ్ళ పేరు. ఫోను ఎత్తిన ప్రతిసారీ నేను ఇంకెవరో అయ్యేదాన్ని. ఒక హెడ్‌మిస్ట్రెస్ నన్ను పావుగంట తిట్టింది, మీ అబ్బాయి నెత్తి నిండా పేలు, అసలు తల్లివేనా నువ్వు అని. నాకింకా పెళ్ళే కాలేదు.

ఆఫీసులో ఫోను లాకర్లో పెట్టి లోపలికి వెళ్ళాలి. టిఫిన్ వేళకి వచ్చి చూస్తే పదిహేను, ఇరవై మిస్డ్ కాల్స్ ఉండేవి. డబ్బా తెరవకుండా మెట్ల మీద నిలబడి అవే తిరగేస్తూ ఉండేదాన్ని. నాకు కోపం ఎక్కువ. ఒకసారి ఉల్టాడాంగా దగ్గర బస్సులో వేలాడుతూ గ్యాస్ ఏజెన్సీవాడి మీద అరిచిన అరుపుకి, దిగిపోండి దిదీ, దిగి మాట్లాడుకోండి అన్నాడు కండక్టరు. కానీ ఆ కోపమంతా బయటివాళ్ళ మీదే. లైనువాళ్ళు గుమ్మంలోకి వస్తే నోరు పెగిలేది కాదు. మధ్యలో అమ్మ ఉంది కదా.

అమ్మకి కుదరదు అనే మాట రాదు. పగటిపూట తలుపు వేసుంటే ఇంట్లో ఏదో తప్పు జరుగుతున్నట్టు భయపడేది. నేను పుట్టినప్పుడు లైనంతా వంతులేసుకుని నెలరోజులు వండిపెట్టారట. ఆ కథ నాకు అన్నంతోపాటు పెట్టి పెంచింది.

ఇక్కడ మూడో ఇంటి పెదనాన్న గురించి చెప్పాలి. రక్తసంబంధం ఏమీ లేదు, మా నాన్న కంటే పెద్దవాడు కాబట్టి పెదనాన్న. మురుగునీటి పంపింగ్ స్టేషన్‌లో మధ్యాహ్నం షిఫ్టు. ఆ పంపుల మోతలో ముప్ఫై ఏళ్ళు మాట్లాడి మాట్లాడి ఇంట్లో ఉప్పు అడిగినా అరిచినట్టే ఉంటుంది. నేను కాలేజీ రెండో ఏడు చదువుతుండగా ఒకరోజు ఇనుప తలుపు పడి ఆయన వేలు చితికింది. మర్నాడు పొద్దున్నే కార్పొరేషన్ డాక్టరు దగ్గరికి వెళ్ళాలి, బెంగాలీలో మాట్లాడాలి, కాగితం రాయించుకోవాలి. ఆ పొద్దున నాకు పరీక్ష. అమ్మకి తెలుసు. నేను ఆ మాట అనబోతే నా జబ్బ పట్టుకుని లోపలికి లాగింది. దెబ్బ తగిలిన మనిషి ముందు పరీక్ష మాట ఎత్తుతావా అని. పరీక్ష హాలుకి నలభై నిమిషాలు ఆలస్యంగా చేరాను. ఆ పేపరు పోయింది, దాంతో ఏడాది పోయింది. ఆయన వేలు బాగైంది. పరీక్ష సంగతి ఆయనకి ఎవరూ చెప్పలేదు.

ఇంకొకటి కూడా చెప్పాలి, లేకపోతే తర్వాత జరిగింది అర్థం కాదు. ఊళ్ళో మావాళ్ళందరికీ ఉన్నది ఒకే ఎస్టీడీ బూత్. ఎవరు చేసినా నా తెర మీద ఆ ఒక్క నంబరే పడుతుంది. మాట్లాడే పని లేనప్పుడు రింగులతోనే కబుర్లు నడిచేవి. ఒక్క రింగిచ్చి పెట్టేస్తే, మేం బాగున్నాం. వరసగా రెండుసార్లు అలా ఇస్తే, వీలు చూసుకుని మీరు చెయ్యండి. మూడుసార్లు ఇస్తే చెడ్డ కబురు, వెంటనే చెయ్యండి. ఎందుకంటే మావాళ్ళలో చెడ్డ కబురు నేరుగా ఆ ఇంటి మనిషి చెవిలో వెయ్యరు. ముందు పక్కింటివాళ్ళకి తెలియాలి. వాళ్ళు ఆ మనిషిని కూర్చోబెట్టి, మంచినీళ్ళు తాగించి అప్పుడు చెప్పాలి. ఫోను వచ్చాక కూడా ఆ పద్ధతి వదల్లేదు, దాన్ని రింగుల్లోకి మార్చుకున్నారు. గోడలు పల్చన కాబట్టి నా ఫోను ఎన్నిసార్లు మోగిందో లైనంతా లెక్కపెట్టేది.

ఆఫీసు పక్క బిల్డింగులో ఇంకో కంపెనీ సాఫ్ట్‌వేర్ టెస్టింగ్‌లో ఆరునెలల ట్రైనింగ్ ఇచ్చి ఉద్యోగంలోకి తీసుకుంటుందని తెలిసి అర్జీ పెట్టాను. చూసి ఎక్కించే పనిలో రెండేళ్ళకే నా వేళ్ళు మాత్రమే పనిచేస్తున్నాయని, బుర్ర తుప్పు పడుతోందని భయం పట్టుకుంది. రాత పరీక్షలో నెగ్గాను. తర్వాతది ఫోను ఇంటర్వ్యూ. ఒక గురువారం టిఫిన్ వేళకి ఆ కంపెనీ ఆవిడ చేసి, మూడు రోజులుగా ప్రయత్నిస్తున్నాం, మీరు ఎత్తరు, లేకపోతే నంబరు బిజీ అంది. ఇంకొక్కసారే చేస్తాం, శుక్రవారమా శనివారమా, పది నుంచి పదకొండు మధ్యలో. లైను దొరక్కపోతే లిస్టులో తర్వాతి పేరుకి వెళ్ళిపోతాం. శనివారం నాకు సెలవు. శనివారం అన్నాను, ఆలోచించకుండా.

ఎక్కడికైనా పారిపోయి కూర్చోవచ్చు, కానీ నంబరు నాతోనే వస్తుంది. అందుకని ఆ సాయంత్రమే జీవితంలో మొదటిసారి ఇల్లిల్లూ తిరిగాను. శనివారం పది నుంచి పదకొండు దాకా నా ఫోను ముట్టొద్దు, ఎవరికీ నంబరు ఇవ్వొద్దు, ఎవరూ రావొద్దు. ఒక్క గంట. అందరూ తలూపారు. ఒకావిడ, పెళ్ళిచూపులేటే అంది. ఆ రోజు వారపు సెలవులో ఉన్న పెదనాన్న ఇంటి గుమ్మంలోంచే, అలాగేలే, నీ గంట నువ్వు తీసుకో అని అరిచాడు. పెద్దమ్మ ఇంట్లో లేదు. ఊళ్ళో ఆయన తల్లికి బాగాలేదని చూసుకోవడానికి వెళ్ళి మూడు వారాలైంది.

శనివారం తొమ్మిదిన్నరకే మంచం మీద కూర్చున్నాను. బిస్కెట్ డబ్బా మీద ఫోను. ఒళ్ళో నోట్సు. నాన్న డ్యూటీలో ఉన్నాడు. అమ్మ వరండాలో కత్తిపీట ముందు కూర్చుని బచ్చలికూర తరుగుతోంది. గోడ గడియారం మూడు నిమిషాలు ముందుంటుంది కాబట్టి ఫోనులో టైమే చూస్తున్నాను. పది. పది దాటి రెండు. అరచేతులు తడిసి కాగితం మీది సిరా వాటికి అంటుకుంది.

పది దాటి ఏడు నిమిషాలకి ఫోను ఒక్కసారి మోగి ఆగింది. ఊరి బూత్.

సరే, ఎవరో బాగున్నారు. ఊపిరి వదిలాను. వదిలాక తట్టింది. శనివారం. ఊళ్ళో సంత. చుట్టుపక్కల మావాళ్ళందరూ బేరాలు చూసుకుని ఆ బూత్ ముందు వరస కట్టి, కోల్‌కతాకి ఒక్కొక్క రింగు ఇచ్చి వెళ్ళే రోజు. లైనులో పద్నాలుగు ఇళ్ళ నోళ్ళు మూయించాను గానీ, ఆ చివర ఉన్నవాళ్ళకి చెప్పాలని నాకు తోచనేలేదు. శుక్రవారమా శనివారమా అని అడిగితే శనివారం అన్నది నేనే.

మళ్ళీ మోగింది. ఒక్క రింగు. ఆగింది. అదే నంబరు.

వరండాలో కత్తిపీట చప్పుడు ఆగిపోయింది.

ఫోను వైపు చూస్తూ, వద్దు, వద్దు అనుకుంటున్నాను. మూడోసారి మోగింది. ఒక్క రింగు.

అమ్మ గుమ్మంలోకి వచ్చింది. చేతికి బచ్చలి పసరు.

"మూడు కొట్టింది" అంది.

"ముగ్గురు కొట్టారు. ఇయాల సంత."

"ఒకల ఎనక ఒకలు అంత బేగి కొడతారేటే? అక్క కొట్టింది. ముసల్దానికేదో అయింది. సెయ్యి."

అక్క అంటే పెద్దమ్మ. మంచం మీద నేను కదల్లేదు. పదకొండుకి చేస్తానన్నాను. ఇప్పుడు చేస్తే బూత్ దొరకాలి, అక్కడ ఎవరో ఎత్తాలి, పెద్దమ్మని పిలవాలి, ఆవిడ ఏడ్చి చెప్పాలి. ఆ పది నిమిషాల్లో కంపెనీ నుంచి కాల్ వస్తే, ఏడుస్తున్న మనిషిని పెట్టేసి ఎత్తలేను, అయిపోయినట్టే. ఇదంతా చెప్పాను. గొంతు పెరుగుతూ వచ్చింది.

"పోయినోళ్ళు నీ పదకొండు దాకా ఆగుతారేటి?" అంది అమ్మ.

"పోయినోళ్ళకి తొందరేటి?" అన్నాను.

అన్నాక ఆ మాట గదిలోనే ఉండిపోయింది. అమ్మ నన్ను కొత్త మనిషిని చూసినట్టు చూసింది. ఆ మాట వెనక్కి తీసుకుని ఉండాల్సింది. తీసుకోలేదు. ఫోను చేతిలోకి తీసుకుని పది దాటి పదిహేను అని టైము చూశాను.

అప్పటికే పెదనాన్న గుమ్మంలో ఉన్నాడు. గడ్డం సగం గీసుకుని ఉంది, రెండో చెంప మీద ఇంకా సబ్బు నురగ. ఆయనా లెక్కపెట్టాడు.

"ఎవులికి?" అన్నాడు.

మేమిద్దరం మాట్లాడలేదు. మా లైనులో ఆ ప్రశ్నకి జవాబు రాలేదంటే కబురు అడిగినవాళ్ళదేనని అందరికీ తెలుసు. ఆయన గుమ్మం పట్టుకున్నాడు. మొదటిసారి ఆయన గొంతు చిన్నగా వినిపించింది.

"ఫోనియ్యే."

చెయ్యి చాపాడు. ఆ చేతికే వంకరగా అతుక్కున్న వేలు. నేను ఫోను వీపు వెనక్కి పెట్టుకున్నాను. చిన్నపిల్లలు బిస్కెట్ దాచుకున్నట్టు. సిగ్గేసింది, అయినా ఇవ్వలేదు.

"ఇవ్వను పెదనాన్నా. మోడ్‌లో బూత్ ఉంది. నంబరు రాసిస్తాను, వెళ్ళి చెయ్యి."

మోడ్ అంటే మా వీధి చివర మలుపు. అక్కడ పార్టీ ఆఫీసుని ఆనుకుని గాజుతలుపు బూత్ ఎప్పటి నుంచో ఉంది. మా లైనువాళ్ళు అందులోకి వెళ్ళగా నేను చూడలేదు. అంకెలు నొక్కాలి, బూత్ నడిపే ఆయనతో, అందరూ దాదా అనే మనిషితో, బెంగాలీలో మాట్లాడాలి. మొదట ఉత్తరాలు రాయడానికి నేనున్నాను, తర్వాత ఫోనుతో నేనున్నాను.

"నాకు నొక్కడం వచ్చునేటే?" అన్నాడు.

"రాకపోతే కాగితం దాదాకి చూపించు. ఇంతకాలం నేను చూపించలేదా? నీ వేలు చితికిన మర్నాడు నాకు పరీక్ష. నీతో వచ్చాను. పేపరు పోయింది. ఏడాది పోయింది. నీకు తెలుసా?"

అది అరవాలని అనుకోలేదు. అరిచేశాను. బయట కుళాయి దగ్గర బిందెల చప్పుడు ఆగిపోయింది. పెదనాన్న నన్ను చూడలేదు, అమ్మని చూశాడు. అమ్మ కింద చూస్తోంది.

"నాకు సెప్పనేదేటి?" అన్నాడు అమ్మతో.

నేను నోట్సులోంచి కాగితం చింపి నంబరు రాశాను. ఏడు ఒకటిలా కనిపిస్తుందేమో అని రెండుసార్లు దిద్దాను. ఆయన కాగితం తీసుకుని, లుంగీ చెంగుతో నురగ తుడుచుకుని వెళ్ళిపోయాడు. అమ్మ చేతులు కూడా కడుక్కోకుండా ఆయన వెనకే వెళ్ళింది. కబురు వినేటప్పుడు పక్కన ఒకరుండాలి కదా. వెళ్తూ వెళ్తూ బయటి నుంచి తలుపు దగ్గరగా వేసింది. పగటిపూట మా ఇంటి తలుపు పడడం అదే మొదటిసారి.

ఆ తర్వాత పావుగంట నేను మనిషిలా లేను. ముసలావిడని నేను ఒక్కసారే చూశాను. చిన్నప్పుడు ఊరు వెళ్తే తాటిబెల్లం ముక్క నా పిడికిట్లో పెట్టి వేళ్ళు మూసింది. ఆ పిడికిలే గుర్తొస్తోంది. ఊరి బూత్ నంబరు తీసి ఆకుపచ్చ మీట మీద బొటనవేలు పెట్టాను. తీసేశాను. మళ్ళీ పెట్టాను. ఒక నిమిషంలో అయిపోతుందేమో. ఆ ఒక్క నిమిషంలోనే వాళ్ళు చేస్తే? ఆయనకి నిజంగా నొక్కడం రాకపోతే?

పది దాటి ముప్ఫై మూడుకి మోగింది. తెలియని నంబరు. మొదటి రింగు. ఆగలేదు. రెండో రింగు కూడా మోగనిచ్చి ఎత్తాను.

కంపెనీ ఆవిడే. లైను దొరికిందే అని ఇంగ్లీషులో నవ్వింది. మీ గురించి చెప్పండి అంది. బట్టీ పట్టిందంతా ఎగిరిపోయింది. ఏదో చెప్పాను. ఒక స్క్రీన్‌లో తప్పు ఎలా పట్టుకుంటావని అడిగింది, అది బాగానే చెప్పాను. ఒకేసారి నాలుగు పనులు మీద పడితే ఏం చేస్తారు అని అడిగింది. నాకు నవ్వొచ్చింది, ఏడుపు కూడా వచ్చేలా ఉంది. ఒకటి చేస్తాను అన్నాను. మిగతా మూడూ ఇంకెవరు చెయ్యగలరో చూస్తాను. చెయ్యలేరని ముందే అనుకోను. నేను ఆ మాట అంటుండగానే చెవిలో పీక్ పీక్‌మని ఇంకో కాల్ వచ్చిన గుర్తు. ఫోను చెవి నుంచి తియ్యలేదు. ఎవరో తెర మీద చూడలేదు. పీక్‌మంటూనే ఉంది, మాట్లాడుతూనే ఉన్నాను. పదకొండుకి ఎనిమిది నిమిషాలు ఉందనగా ఆవిడ థాంక్యూ అంది.

చెప్పులు వేసుకోకుండా పరిగెత్తాను.

మోడ్‌లో పార్టీ ఆఫీసు ముందు క్యారమ్ ఆడేవాళ్ళు ఆట ఆపి బూత్ వైపు చూస్తున్నారు. గాజుతలుపు వెనక పెదనాన్న రిసీవరు రెండు చేతులతో పట్టుకుని అరుస్తున్నాడు. తలుపు వేసున్నా రోడ్డు దాకా వినిపిస్తోంది. "ఏ ఆస్పత్రి? తుంటేనా? మాటాడతందా? మాటాడతందా లేదా?" అమ్మ గాజుకి చెయ్యి ఆనించి నిలబడి ఉంది.

ముసలావిడ పెరట్లో జారిపడింది. తుంటి ఎముక విరిగింది. శ్రీకాకుళం ఆసుపత్రికి తీసుకెళ్ళారు. బతికే ఉంది. మూడు రింగులూ పెద్దమ్మే కొట్టింది. సంత జనం అందరూ పక్కకి జరిగి ఆవిడని ముందుకి పంపారట. అమ్మే కరెక్టు. నేను లెక్క తప్పాను.

బూత్ దాదా నాతో బెంగాలీలో చెప్పాడు, మీ జెఠూ, అంటే పెదనాన్న, మొదట రెండుసార్లు తప్పు నొక్కాడు, ఎవరినో పట్టుకుని మా అమ్మ ఎలా ఉంది అని గద్దించాడు, వాడు భయపడి బాగానే ఉంది అన్నాడట. మూడోసారి దాదా ఒక్కొక్క అంకే చదివి వినిపిస్తే పెదనాన్నే నొక్కాడు. మధ్యలో వచ్చిన ఆ పీక్ పీక్ కూడా ఆయనదే అయ్యుండాలి. ఊళ్ళో లైను అందాక నాకు చెప్పాలని నా నంబరు కూడా అమ్మని అడిగి నొక్కాడట. లైను బిజీ అని మళ్ళీ ఊరి బూత్‌కే చేశాడు.

పెదనాన్న బయటికొచ్చి నన్ను చూశాడు. సగం గడ్డం అలాగే ఉంది. ఇంకో రోజైతే హౌరాకి వెంట వెళ్ళి టిక్కెట్టు వరసలో నేను నిలబడేదాన్ని. ఆ రోజు నన్ను పిలవలేదు. మధ్యాహ్నం రైలుకి ఒక్కడే సంచి తగిలించుకుని వెళ్ళిపోయాడు.

అమ్మ రెండు రోజులు నాతో మాట్లాడలేదు. అన్నం కంచం చప్పుడయ్యేలా పెట్టేది. మూడో రోజు పొద్దున జడ వేస్తూ, ఆ పరీక్ష సంగతి ఆయనకి ఆ రోజే తను చెప్పి ఉండాల్సిందని నా వీపుకి చెప్పింది. ముఖానికి కాదు. నేనూ పోయినోళ్ళ మాట తప్పని అనాలనుకున్నాను. అద్దంలో ఆవిడ కళ్ళు చూసి అనలేకపోయాను.

ట్రైనింగుకి తీసుకున్నామని ఎనిమిదో రోజు ఫోను వచ్చింది. అమ్మకి చెబితే, అక్కడా ఫోను లాకర్లో పెట్టాలా అని అడిగింది.

ఆరునెలలు సాయంత్రాలు చదవాలి. అందుకని లైనులో చెప్పేశాను, ఫారాలకీ ఫోన్లకీ రోజూ ఏడు నుంచి ఎనిమిది దాకా, మిగతా వేళల్లో తలుపు కొట్టొద్దు. తలుపు నేనే వేశాను, అమ్మ తియ్యలేదు. కుళాయి దగ్గర నాకు కలెక్టరమ్మ అని పేరు పెట్టారు. కలెక్టరమ్మగారి ఆపీసు తీసారేటి అని నేను వినేలా ఒకరినొకరు అడిగేవాళ్ళు. ఇద్దరు పలకరించడం మానేశారు, వాళ్ళలో ఒకావిడ నేను పుట్టినప్పుడు వండిపెట్టిన మనిషి. నాకు బాధగా లేదని అబద్ధం చెప్పను. శనివారాలు స్కూలుకి, గ్యాస్ ఆఫీసుకి లైనువాళ్ళని వెంటబెట్టుకుని వెళ్ళి నా నంబరు తీయించాను. మోడ్ బూత్‌లో మా లైనులోని ఇద్దరు వదినలకి అంకెలు నొక్కడం నేర్పాను. నేర్పేటప్పుడు రెండుసార్లు అరిచాను కూడా. వదినల్లో చిన్నావిడ, ఇంత అరుపైతే ఫోనెందుకు, ఇక్కణ్ణించే ఊరికి ఇనబడతాది అంది.

పెదనాన్న నెల పదిరోజులకి తిరిగొచ్చాడు. తల్లి కర్ర పట్టుకుని నాలుగడుగులు వేస్తోందని అమ్మ ద్వారా తెలిసింది. మా గుమ్మంలోకి రాలేదు. నాలుగు రోజులు చూశాను. కుళాయి దగ్గర ఎదురుపడితే నేను తల దించుకున్నాను, ఆయన బిందె దించుకున్నాడు.

ఐదో రోజు ఆయనకి వారపు సెలవు. సాయంత్రం ఏడుకి పావుగంట ఉందనగా కిటికీలోంచి కనిపించాడు. కుళాయి గట్టు మీద కూర్చుని మా తలుపు చూస్తున్నాడు. జేబులో ఏదో ఉంది, మాటిమాటికీ తడుముకుంటున్నాడు. పుస్తకం నా ముందు తెరిచే ఉంది. ఒక్క అక్షరం ఎక్కలేదు. లేచి తలుపు తియ్యడానికి మూడడుగులు. ఊళ్ళో ముసలావిడకి మళ్ళీ ఏమైనా అయిందా? అయితే కూర్చుంటాడా అలా? లేవబోయాను. అమ్మ వరండాలోంచి నన్ను చూస్తోంది, తియ్యమనీ అనలేదు, వద్దనీ అనలేదు. మళ్ళీ కూర్చున్నాను. చదివిన వాక్యమే చదువుతూ ఏడు దాకా ఉన్నాను.

ఏడుకి తలుపు తీశాను. ఆయన లేచి వచ్చి, మంచం చివర కూర్చుని జేబులోంచి అట్టపెట్టె తీశాడు. కొత్త ఫోను. నాదాని కంటే పెద్ద అంకెలు. షాపువాడు సిమ్ము వేసిచ్చాడు గానీ నంబర్లు ఎక్కించలేదట. ఊరి బూత్, పంపింగ్ స్టేషన్, కార్పొరేషన్ డాక్టరు, అన్నీ కాగితం మీద బెంగాలీ అంకెల్లో రాయించుకుని వచ్చాడు. మోడ్ బూత్ దాదా రాతే అది. నేను ఎక్కించాను. ఎలా నొక్కాలో చూపించబోతే, చెయ్యి అడ్డం పెట్టి తనే నొక్కాడు.

"నీది కూడా ఎయ్యి" అన్నాడు.

వేశాను. ఆయన వంకర వేలితో పేర్లు ఒక్కొక్కటీ దింపుకుంటూ నా దగ్గర ఆగాడు. ఆకుపచ్చ మీట నొక్కాడు. నా చేతిలో ఫోను మోగింది. ఒక రింగు, రెండు. ఆయన పెట్టెయ్యలేదు. నన్నే చూస్తున్నాడు. ఇద్దరి మోకాళ్ళూ తగిలేంత దగ్గరగా కూర్చుని ఉన్నాం. ఎత్తి చెవి దగ్గర పెట్టుకున్నాను.

"ఏటి సేస్తన్నావే?" అని అరిచాడు, శ్రీకాకుళం దాకా వినిపించేలా. అటు చెవిలోనూ ఇటు చెవిలోనూ అదే గొంతు.

"సదువుకుంటన్నాను పెదనాన్నా" అన్నాను ఫోనులోనే.

"సదువుకో మరి. పెట్టేస్తన్నాను" అని, ఎర్ర మీట ఎక్కడుందో వెతుక్కుని, నొక్కేశాడు.